నాన్నమ్మ బోర్లించిన గ్లాసు

అలమరాని ఇక్కడ ఐర్లండులో ప్రెస్ అంటారు లెండి, మా వంటింట్లో ఆ ప్రెస్ తలుపు తీస్తే ఇప్పటికీ ఇంగువా పాత కాఫీపొడీ కలిసిన వాసన ముఖానికి కొడుతుంది. పింగాణీ కప్పుల వెనకాల నాన్నమ్మ స్టీలు గ్లాసు ఉంటుంది. అది కంటబడితే చాలు, తలుపు మూసేస్తాను.

కోవిడ్ వచ్చిన ఏడు నాకు పదకొండేళ్ళు. ఆడమ్స్‌టౌన్‌లో ఇల్లు, అమ్మ ఆస్పత్రిలో డాక్టరు, నాన్నది సాఫ్ట్‌వేరు. చూసిపోదామని తెనాలి నుంచి వచ్చిన నాన్నమ్మ విమానాలు ఆగిపోయి మాతోనే ఉండిపోయింది. ఆ వసంతం పాపిష్టిది, ఎంత అందంగా వచ్చిందో! వాన జాడ లేదు, చెర్రీ చెట్లు విరగబూశాయి, రైళ్ళు ఖాళీగా పోయేవి, రౌండబౌట్ దగ్గర గార్డులు, అదే ఇక్కడి పోలీసులు, కార్లాపి ఎక్కడికని అడిగేవారు. వేపపువ్వు దొరక్క నాన్నమ్మ ఉగాది పచ్చట్లో మెంతులు వేసింది, “ఈ ఏడు చేదుకేం లోటే తల్లీ” అంటూ. గుడ్ల అట్టలో చింతగింజలు పోసి నాతో వామనగుంటలు ఆడుతూ, నా గింజలు లాగేసి, దొరికిపోతే బోసినోటితో నవ్వేది.

మా ఇంట్లో ఒక పార్లమెంటు ఉండేది. అది నాన్న పిచ్చి. ఏ సంగతైనా భోజనాల బల్ల దగ్గర అమ్మా నాన్నా నేనూ చేతులెత్తి తేల్చాలి, నాన్నమ్మ ప్రెసిడెంటు. ఆవిడకి నచ్చకపోతే మంచినీళ్ళ గ్లాసు బోర్లిస్తుంది, అంతే, ఆ నిర్ణయం చెల్లదు. మళ్ళీ ముగ్గురం ఏకమై చేతులెత్తితేనే ఆవిడ మాట పోతుంది. ఐర్లండు ప్రెసిడెంటుకి అలా వద్దనే హక్కు లేదు, అనుమానముంటే బిల్లుని సుప్రీంకోర్టుకి పంపడమే అని బళ్ళో విన్నది నేను చెబితే, “మన కొంపకి కోర్టెక్కడిదే, అమెరికా పద్ధతే నయం” అనేవాడు నాన్న. కుక్కపిల్ల కావాలన్న నా బిల్లు ఆ గ్లాసు కిందే చచ్చింది.

ఒక సాయంత్రం నాన్న నవ్వకుండా బిల్లు పెట్టాడు. నాన్నమ్మకి ఆయాసం, అమ్మ ఆస్పత్రి నుంచి ఏం మోసుకొస్తుందో తెలీదు, కాబట్టి అమ్మ తన ఆస్పత్రి దగ్గర, బోమాంట్ వైపు అద్దెగదిలో ఉండాలి. అమ్మ తలొంచుకునే చెయ్యెత్తింది. నాన్నమ్మ నిండు గ్లాసుని అలాగే బోర్లించింది, నీళ్ళు బల్లంతా పారాయి.

“నాకేమో అవుతుందని కోడల్ని బయటికి పంపుతావుట్రా? దానికి జొరమొస్తే గ్లాసుడు నీళ్ళిచ్చేదెవరు?”

మళ్ళీ వోటు. నాన్న చెయ్యి లేచింది, అమ్మ చెయ్యి లేచింది. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ వెళ్ళకూడదు, అంతే. రూలు ప్రకారం నాన్నమ్మే గెలిచింది. నాన్న లేచి ఆ గ్లాసుని మామూలుగా నిలబెట్టేశాడు.

“ఇది ఎమర్జెన్సీ. ఆటలు చాలు.”

బోర్లించిన గ్లాసుని ఇంకొకళ్ళు ముట్టుకోవడం అదే మొదలు. 

అమ్మ వెళ్ళిపోయింది. తరవాత అన్నీ నాన్న ఒక్కడే తేల్చేవాడు: కిటికీలు తీయొద్దు, పెరట్లోకి పోవద్దు, పాల పాకెట్టు కూడా సబ్బుతో కడగాలి. చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు. భయపడ్డవాడికి ఎదురుచెప్పే దిక్కు లేకపోతే ఇల్లెంత నిశ్శబ్దమైపోతుందో నాకు తెలుసు. ఫోనులో అమ్మ దగ్గేది. అడిగితే “గ్రాండ్” అనేది, బాగానే ఉన్నానని, అచ్చం ఇక్కడివాళ్ళలాగే. ఒక పొద్దున ఎంత చేసినా ఫోను ఎత్తలేదు. గార్డులకి దణ్ణాలు పెట్టుకుని నాన్న వెళ్ళేసరికి, అమ్మ కుళాయి దాకా చేరలేక నేలమీద పడి ఉందట.

బతికింది నా తల్లి. చాన్నాళ్ళకి ఇంటికొచ్చింది, మెట్ల మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది, ఇప్పటికీ అంతే. ఆవేళ భోజనాల దగ్గర నాన్న నాన్నమ్మ ముందు గ్లాసు పెట్టి, “అమ్మా, ఇకమీదట నీ మాటే” అన్నాడు. ఆవిడ అందులో నీళ్ళు తాగి, పక్కన పెట్టి, “నీ ఇష్టం నాయనా” అంది. కూరేం వండాలన్నా అదే మాట. తెనాలి వెళ్ళిపోయేదాకా ఆ గ్లాసు మళ్ళీ బోర్లించలేదు. నిరుడు అక్కడే పోయింది.

మొన్న ఇల్లు అమ్మేసి పోర్ట్‌లీష్ వెళ్ళిపోదామన్న మాటొచ్చింది, అమ్మకి అక్కడ ఉద్యోగం. ముగ్గురం చేతులెత్తాం, క్షణంలో తేలిపోయింది. నాన్న మాత్రం లేచి, ప్రెస్‌లోంచి ఆ గ్లాసు తెచ్చి బల్ల మధ్య పెట్టి, అమ్మ వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు. అమ్మ ఆయాసం బల్ల ఇవతలికి వినబడుతోంది.

“ఒక్కళ్ళయినా వద్దనండర్రా” అన్నాడు.