శుక్రవారం నీలం తీగ

నాకు చిన్నప్పుడు రాత అబ్బకపోవడానికి కారణం మిరప చేలు. బడి నడిచే రోజుల్లోనే కాయ పండేది. అమ్మ వెంట ఏరడానికి పోయేదాన్ని. సాయంత్రం పలక పట్టినా, ఆ ఘాటు చేతులతో కళ్లు నలుపుకుని ఏడవడమే తప్ప అక్షరం కనిపించేది కాదు. మనవరాలు పుట్టాక, మా వాడకట్టులో ఆడవాళ్లకు పెట్టిన తరగతిలో నేర్చుకున్నాను. చదవడం వచ్చింది గానీ, రాసి ఎవరికైనా చూపించాలంటే సిగ్గు.

ఇప్పుడు నా పనీ మిరప దగ్గరే. ఎనుమాముల మార్కెట్ పక్కన, మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీలో ఊడ్చి తుడుస్తాను. ఆఫీసు మూలన లైనక్స్ సర్వర్ అనే కంప్యూటర్ డబ్బా ఒకటి ఉంది. గదుల్లో చల్లదనం తగ్గిందేమో అది కనిపెట్టుకుని ఉంటుంది. దాన్ని చూసుకునే అమ్మాయి నన్ను పెద్దమ్మా అంటుంది.

ఆ అమ్మాయికి ఒక చిక్కు వచ్చిపడింది. వారానికోసారి గదుల నుంచి కబురు ఆగిపోయేది, కాసేపటికి దానంతటదే వచ్చేది. ఇంకోసారి ఇట్లయితే పని వేరేవాళ్లకు ఇస్తానని స్టోరేజీ యజమాని సేటు చెప్పేశాడు. అందుకని ఆమె సర్వర్‌లో అలర్టులు పెట్టింది.

"ఇది మాటిమాటికి గదులను 'ఉన్నరా' అని పలకరిస్తది పెద్దమ్మా. జవాబు రాకుంటే దీంట్ల ఉన్న సిమ్ తోని మన ఫోన్లకు చెప్తది."

"మన అంటే, నాకు గూడనా?"

"సేటు వేలం కాడ ఉంటడు, ఫోన్ సూడడు. నువ్వు ఇక్కడనే ఉంటవ్ గద."

"ఇంగ్లీషుల వస్తే నాకేం సమజైతది?"

"తెలుగులనే రాసిన. ఫికర్ చెయ్యకు."

మొదట్లో జవాబు ఒక్కసారి ఆలస్యమైనా ఫోన్ మోగేది. అందరికీ విసుగొచ్చింది. వరుసగా జవాబు రాకపోతేనే చెప్పేలా మార్చింది.

శుక్రవారం వచ్చింది. ప్రతి శుక్రవారం తూకం కాంటాకు బొట్టు పెట్టినట్టే సర్వర్‌కూ పెడతాను. అన్నం పెట్టేవి కదా. స్విచ్ ముట్టుకోవద్దని అమ్మాయి చెప్పింది, ముట్టుకోను. అడ్డంగా ఉండే నీలం తీగ పీకి, డబ్బా తుడిచి, పసుపు రాసి, అది ఆరాక మళ్లీ గుచ్చుతాను. కుంకుమ పెడుతుండగా ఫోన్ మోగింది. కూడబలుక్కుని చదివాను: "గదుల నెట్ పోయింది. తీగ చూడండి."

చూశాను. అది నా చేతిలోనే ఉంది.

అమ్మాయి కాజీపేట నుంచి ఆటోలో ఉరికి వచ్చింది. తీగ చూపించాను. నెత్తి పట్టుకుని కూలబడింది, ఆ తర్వాత ఒకటే నవ్వు.

"కేబుల్ మార్చిన, రూటర్ మార్చిన, ఇంక దయ్యమే అనుకున్న. నువ్వా పెద్దమ్మా!"

"బొట్టే గదనే బిడ్డా."

"బొట్టు మంచిగ పెట్టు. తీగ మాత్రం ముట్టకు."

సేటుకు ఫోన్ చేసి సంగతంతా చెప్పింది. ఆయన నవ్వు నాకూ వినపడింది. "అంటే అలర్ట్ పనిజేస్తాంది గద. ఇగ నువ్వే సూసుకో" అన్నాడు. ఆమె పని నిలిచింది.

మరుసటి రోజు పొద్దున, ఊడ్చే ముందే ఒక అట్టముక్క తీసుకున్నాను. పెద్ద అక్షరాలతో "ఈ తీగ ఎవరూ పీకొద్దు" అని రాసి, అందరికీ కనిపించేలా గోడకు అతికించాను. తర్వాత చీపురు పట్టుకున్నాను.