మంచు నిలవని మాను

మా ఊరి బడిలో వంట చేసే ఐలాకు ఇరవయ్యేడు శీతాకాలాలుగా ఒకటే వ్యసనం. ఆదివారం వస్తే మంచు మీద జారే స్కీలు కాళ్లకు కట్టుకుని ఎలుగుగుట్ట అడవిలోకి వెళ్లడం, మంచు కప్పిన చెట్లను ఫొటోలు తీయడం. చలికి కెమెరా బ్యాటరీ చచ్చిపోతుందని దాన్ని చొక్కా లోపల దాచుకుని నడిచేది. కాఫీ దగ్గర కూర్చున్నప్పుడు, ఆ చెట్లు ఈ ఏడైనా నవ్వాయా అని మావాళ్లు గిల్లేవారు.

"మీకంటే నయం. కదలవు, వాగవు," అనేది ఐలా.

మొన్న ఫిబ్రవరిలో రాజధాని హెల్సింకి నుంచి సాన్ని అనే అమ్మాయి ఒంటరిగా ఆ అడవికి వచ్చింది. ఫొటో తీస్తూ వెనక్కి అడుగు వేసి, మంచు కింద కనబడని రాళ్ల సందులో పడి కాలు విరగ్గొట్టుకుంది. ఫోను ఆగిపోయేలోగా తల్లికి రెండే పంపగలిగింది: కదల్లేకపోతున్నానన్న మాట, అప్పుడే తీసిన ఫొటో.

ఆ తల్లి ఫోను చేయడంతో ఒంటిగంటకల్లా గాలింపు దళం వాళ్లం ఇరవైమందిమి బడి దగ్గర చేరాం. పొద్దు గుంకడానికి ఇంకా మూడు గంటలే ఉంది. అడుగుజాడలను గాలి పూడ్చేసింది. ఫొటోలో చూస్తే అన్నీ తెల్లటి ముద్దలే. తూర్పు దారి నుంచి వరసగా వెతుకుదామన్నాడు మా దళపతి తౌనో.

ఐలా వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ ఫొటోను చాలాసేపు చూసింది.

"తూర్పున కాదు. పడమటి వాలు."

"ఎలా చెప్తావ్? మంచు ఏటికోరకంగా ఉంటుంది కదా," అన్నాడు తౌనో.

"మంచు మారుతుంది. ఇదిగో, మంచు నిలవని ఈ మాను మారదు. పడమటి వాలు మీద దీన్ని ఏటా చూస్తున్నా." వెనకాల బెరడూడి, మెలి తిరిగి నిలబడిన ఎండు పైన్ చెట్టును చూపించింది. "నీడలు మనవైపు పడ్డాయి చూడు. పట్టపగలు సూర్యుడు దక్షిణానే కదా ఉండేది? అంటే ఆ పిల్ల మానుకి ఉత్తరాన ఉంది. అక్కడన్నీ రాళ్లే."

తౌనో పక్కకు జరిగి దారిచ్చాడు. "నువ్వు ముందు నడువు," అన్నాడు.

అరవై ఏళ్ల మనిషిని అందుకోవడం మాలో ఎవరి వల్లా కాలేదు. నలభై నిమిషాల్లో ఆ మాను కనబడింది. దానికి ఉత్తరాన, రాళ్ల సందులోనే, సంచి మీద ముడుచుకుని కూర్చుని ఉంది సాన్ని. పెదవులు నీలిబారాయి, కానీ స్పృహలోనే ఉంది. ఐలా తన చేతితొడుగులు ఆమెకు తొడిగి, వేడి బెర్రీ రసం తాగించింది. నన్నెలా కనుక్కున్నారని అడిగింది ఆ పిల్ల.

"ఫొటో బాగా తీశావు కాబట్టి. కాస్త ఎడమకి జరిగుంటే ఇంకా బాగుండేది."

ఆ పిల్ల నవ్వబోయి ఏడ్చేసింది.

మరుసటి వారం తౌనో దళం గదిలో ఒక గోడంతా ఖాళీ చేయించి, ఫొటోలన్నీ తెమ్మని ఐలా ఇంటికి వెళ్లి అడిగి వచ్చాడు. ఏ ఫొటో ఎక్కడ తీసిందో ఆమె ఒక్కొక్కదాని కింద తన చేత్తోనే రాసింది. ఆ రోజే దళం వాళ్లు వేసుకునే నారింజ రంగు చొక్కా ఆమెకు ఇచ్చాం. గురువారం బడిలో బఠాణీ సూప్ వడ్డించేటప్పుడు కూడా దాన్ని విప్పలేదట. పిల్లలు ఎప్పుడూ లేనంత బుద్ధిగా వరసలో నిలబడ్డారని పంతులమ్మ చెప్పింది.