ఆకుపచ్చ జెర్సీకి పెట్టిన కాజాలు

బస్సు ఏడూ పదికి. ఆరున్నరకే తణుకు బస్టాండులో ముగ్గురం హాజరు: నేను, రమణి, సత్యవతి. పాతికేళ్ళ కిందట మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఎగిరెగిరి ఆడినవాళ్ళం. ఇప్పుడు బస్సు మెట్లెక్కడానికి ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుంటున్నాం. రమణి వాళ్ళది మిఠాయి కొట్టు కాబట్టి పెద్ద అట్టపెట్టె నిండా మడత కాజాలు కట్టించి తెచ్చింది.

ఈ ప్రయాణం విజయ కోసం. మాతో ఆడిన విజయే ఇప్పుడు ఆ కాలేజీలో పీడీ, పిల్లలకు ఆట నేర్పేది తనే. రాజమండ్రిలో ఆడపిల్లల ఫైనల్. "ఈసారి కప్పు రాకపోతే కోర్టు తవ్వేసి కార్ల షెడ్డు వేస్తారటే. మీరొచ్చి అరవండి చాలు" అని ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. నా మోకాలి చర్మం సగం ఆ కోర్టు మీదే పోయింది. దాని మీద కార్లు పెడతారా? ఒళ్ళు మండిపోయింది నాకు.

ఆధార్ కార్డులు చూపించి, ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్లు మూడు తీసుకున్నాం. కండక్టరు గారు పెట్టె వైపు చూసి, "పెళ్ళికాండి?" అన్నారు.

"మ్యాచికండి!" అంది సత్యవతి.

"మీ అమ్మాయి ఆడుతుందాండి?"

"జట్టంతా మా అమ్మాయిలేనండి!"

ఆయనకు రెండు కాజాలు పెట్టాం. సిద్ధాంతం వంతెన మీదికి వచ్చేసరికి పాత అరుపులన్నీ గుర్తొచ్చి సాధన మొదలుపెట్టాం. ముందు సీటు పెద్దాయన చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నారు పాపం.

తొమ్మిదింపావుకి రాజమండ్రిలో దిగి, ఆటోలో మైదానానికి చేరాం. గేటు పక్కన నీడలో ఆకుపచ్చ జెర్సీల పిల్లలు బూట్లు కట్టుకుంటున్నారు. మా రోజుల్లో మా జెర్సీ ఆకుపచ్చే. ఇంక అడిగేదేముంది? పెట్టె విప్పేశాం.

"వద్దండి ఆంటీ, మ్యాచి ఉందండి."

"మ్యాచి ఉందనేనమ్మా! ఒక్కటి!"

మా వైపు ఒక్కటంటే మూడని అర్థం. హారిక అనే పొడుగాటి పిల్ల నాలుగు తిని, చేతులు జెర్సీకి తుడుచుకుని, "భలే ఉన్నాయండి" అంది. ముద్దొచ్చింది నాకు.

అప్పుడే విజయ పరుగెత్తుకుంటూ వచ్చింది. వెనకాల ఎర్ర జెర్సీల పిల్లలు.

"మన పిల్లలకి పెడుతున్నామే" అన్నాను గొప్పగా.

"వీళ్ళు మన పిల్లలేంటే! అవతలి జట్టే! మన జెర్సీ ఎర్రదయ్యి మూడేళ్ళయింది!"

పెట్టెలోకి చూశాం. పొడి మిగిలింది.

పదిన్నరకు ఆట మొదలైంది. మొదటి సగంలో ఆకుపచ్చ పిల్లలు భుక్తాయాసంతో కదల్లేకపోయారు. "మన కాజాలే ఆడుతున్నాయే!" అని రమణి నా వీపు మీద ఒక్కటిచ్చింది. రెండో సగంలో అవి అరిగిపోయాయి కాబోలు, హారిక విజృంభించింది. మా గొంతులు పోయాయి. చివరి క్షణాల్లో మాది ఒక్క పాయింటు ఎక్కువ, హారిక చేతికి రెండు ఫ్రీ త్రోలు. రెండూ పడితే మా కోర్టు పోయినట్టే.

పడకూడదని దణ్ణం పెట్టుకోబోయాను. ఆ పిల్ల చేతులు జెర్సీకి తుడుచుకుంది, ఇందాకటిలాగే. నా చేత్తో తినిపించిన పిల్ల! నా వల్ల కాలేదు.

మొదటిది తప్పింది. రెండోది రింగు చుట్టూ తిరిగి తిరిగి బయటికి జారింది.

"అయ్యో తల్లీ!" అని అరిచాను. విజిల్ మోగింది. గెలిచాం! అందరూ గెంతుతుంటే సత్యవతి నన్ను గిల్లింది. "నువ్వు ఎవరి తరఫునే?"

హారిక దగ్గరికి వెళ్ళాను. "మా కాజాల వల్లేనేమోనమ్మా."

కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "కాదండి, గురి తప్పింది. వచ్చే ఏడాది మళ్ళీ తెండి ఆంటీ, తిని మరీ వేస్తాను."

తిరుగు ప్రయాణం పిల్లల వ్యానులోనే. రావులపాలెంలో ఆపి, కాజాలు దక్కలేదని అలిగిన మా ఎర్ర జెర్సీలకు పూతరేకులు కొనిపెట్టాం. మీరెవరైనా మీ కాలేజీ ఆటకు వెళ్తే, ముందు జెర్సీ రంగు కనుక్కోండి. కనుక్కోకపోయినా వెళ్ళండి, ఇంత నవ్వి ఎన్నాళ్ళయిందో!

విజయ కప్పు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. హారిక మాట చెప్పాను.

"వచ్చే ఏడాదా?" అంది. ఆ మాట అనుకోవడానికే ఇన్నాళ్ళు భయపడింది కదా, కళ్ళనిండా నీళ్ళు. తర్వాత ముక్కు తుడుచుకుని, "అయితే రెండు పెట్టెలు తీసుకురండే" అంది.