ఖాళీ వరస దగ్గర ఆగిపోయింది

బెంగుళూరు వైట్‌ఫీల్డ్‌లో మా ఫ్యాక్టరీ ఉన్న స్థలం ఐటీ పార్కుకు పోతుందని తేలిపోయాక, ఫ్యాక్టరీని హోసూరు వైపు మార్చే పని మొదలైంది. రెండు వేల సంవత్సరం దాటాక జరిగిన సంగతి. మోటార్లకు రాగి తీగతో కాయిళ్ళు చుట్టే ఫ్యాక్టరీ అది. పనివాళ్ళందరినీ తీసుకుపోరు. కొత్త మిషన్ మీద పరీక్ష పెట్టి, అరవై మార్కులు దాటినవాళ్ళకే లెటరు ఇస్తారు. మిగతావాళ్ళు సంతకం పెట్టి ఇంటికి పోవాల్సిందే.

ఆ లెటర్ల జాబితా తీసే పని ఆఫీసులో నా మీద పడింది. పనివాళ్ళ వివరాలన్నీ ఒకే ఎక్సెల్ షీట్‌లో ఉండేవి. కాంట్రాక్టు వాళ్ళతో కలిపి రెండు వేల పైచిలుకు వరసలు. అడ్డంగా చూస్తే టోకెన్ నంబరు, సెక్షన్, సెలవులు, ట్రైనింగులు, చివరికి బూట్ల సైజు కూడా. మార్కులు ఎక్కడో కుడి చివర ఉండేవి. పేరు చూసుకుని అక్కడికి చేరేసరికి ఎవరి వరసలో ఉన్నామో మరిచిపోయేవాళ్ళం.

ఆ షీట్ తయారు చేసింది మా ఆఫీసులో ఒక పెద్దాయన. బెంగుళూరులోనే పుట్టి పెరిగిన తెలుగువాడు, రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాడు. రిజిస్టర్లలోంచి ఒక్కో పేరూ ఆయనే ఎక్కించాడు. బాణం గుర్తు కీ నొక్కుకుంటూ ఒక్కో గడీ దాటుకుంటూ పోయేవాడు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది. నేను హిందూపురం నుంచి వచ్చి ఆరు వారాల కంప్యూటర్ కోర్సు చేసినవాణ్ణి. ఆ సర్టిఫికెట్టు చూసుకుని ఎంత మిడిసిపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నేను మాక్రో రాశాను, అంటే షీట్‌లో పనిని దానంతటదే చేసుకుపోయే చిన్న ప్రోగ్రాం. రెండు కీలు కలిపి నొక్కితే చాలు. కర్సర్ టోకెన్ నంబరు దగ్గర నుంచి నేరుగా మార్కుల గడికి దూకుతుంది. అరవై దాటి ఉంటే ఆ పేరు పక్క షీట్‌లో రాసి, వెనక్కి వచ్చి కింది వరసకు దిగుతుంది. టోకెన్ నంబరు గడి ఖాళీగా కనిపిస్తే షీట్ అయిపోయినట్టేనని అందులో రాసింది కూడా నేనే. మూడు రోజుల పని టీ చల్లారేలోపు అయిపోయింది. అందరూ నా కుర్చీ చుట్టూ మూగారు. పెద్దాయన మాత్రం, "ఒకసారి చేత్తో కిందిదాకా పోయి చూడప్పా," అన్నాడు. మీకింకేం పని అని లోపల విసుక్కుని, పైకి సరేనన్నాను. చూడలేదు.

లెటర్లు పంచిన మర్నాడు కాయిల్ సెక్షన్ నుంచి ఒకావిడ కిటికీ దగ్గరికి వచ్చింది. కాడుగోడిలో ఉంటుంది, పదహారేళ్ళ సర్వీసు. పక్క బల్లవాళ్ళకు లెటర్లు వచ్చాయి, తనకు రాలేదు. భర్త మంచాన పడ్డాడని, ఇల్లు తన ఒక్కదాని మీదే నడుస్తోందని చెప్పింది. నేను మళ్ళీ మాక్రో నడిపాను. తెర మీద పేర్లు గబగబా పరుగెత్తి ఆగిపోయాయి. జాబితాలో మీరు లేరమ్మా అన్నాను. కంప్యూటరే చెప్పాక ఇంక ఆమె ఏం మాట్లాడుతుంది? తల ఊపి వెళ్ళిపోయింది.

హోసూరు జాబితా మూసేశాక, ఫైలు కట్టే ముందు పెద్దాయన హాజరు పుస్తకం, పరీక్ష మార్కుల కాగితాలు పక్కన పెట్టుకుని పేర్లన్నీ సరిచూశాడు. పదకొండు మంది పాసై కూడా లెటరు అందుకోలేదు. ఆయన నా కుర్చీలో కూర్చుని బాణం కీ నొక్కుతూ కిందికి వెళ్ళాడు. షీట్ చివరికి రాబోతుండగా ఒక వరస పూర్తిగా ఖాళీ. నా మాక్రో అక్కడే ఆగిపోయింది. దాని కింద ఆ పదకొండు మందీ ఉన్నారు. కాడుగోడి ఆవిడకు తొంభై రెండు మార్కులు.

ఆ వరస ఎవరిదని అడిగాను. కాయిల్ సెక్షన్‌లో పనిచేస్తూ చనిపోయిన తన స్నేహితుడిదట. ఆఫీసువాళ్ళు వివరాలు తుడిచేయమంటే పెద్దాయన తుడిచాడు కానీ, వరస తీసేయడానికి మనసొప్పలేదు. "తీసేస్తే కింద ఉండేవాళ్ళు పైకి జరిగి వాడి జాగాలో కూచుంటారు కదప్పా. అందుకే అట్లే ఉండాది," అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఆయన మీద, ఆ పోయిన మనిషి మీద కూడా. తప్పు నాదని తెలిసే వచ్చింది.

ఇద్దరం మేనేజరు దగ్గరికి వెళ్ళాం. హోసూరులో ఖాళీలు నిండిపోయాయని, సంగతి బయటపడితే యూనియన్ ఊరుకోదని, మీ ఉద్యోగాలు కూడా నేను కాపాడలేనని ఆయన చెప్పాడు. బయటికి వచ్చాక పెద్దాయన వరండాలో ఆగిపోయాడు. "పని ఇప్పించేది మన చేతిలో లేదు. తప్పు ఆమెది కాదని అయినా చెప్పాల. నువ్వు చెప్తావా, నేను చెప్పేదా?" అన్నాడు. నేనే చెబుతానన్నాను. ఆ క్షణంలో నిజంగానే అన్నాను.

ఆఖరి రోజు ఆమె గుర్తింపు కార్డు ఇచ్చేయడానికి వచ్చింది. గదిలో ఇంకెవరూ లేరు. కార్డు బల్ల మీద పెట్టి కదలకుండా నిలబడింది.

"ఒక మాట అడుగుతా సార్. నేను ఎన్ని మార్కుల్లో తప్పినాను?"

నిజం నోటిదాకా వచ్చింది. నా ఉద్యోగం గుర్తొచ్చింది. "కొంచెంలో పోయిందమ్మా," అన్నాను.

ఆమె తన వేళ్ళు చూసుకుంది. "నిజమేలే సార్. ఈ మధ్య చెయ్యి ముందు మాదిరి ఆడేది లేదని నాకూ అనిపిస్తా ఉండాది. కుందలహళ్ళిలో ఒక షెడ్డులో కాయిల్ చుట్టేదానికి రమ్మన్నారు. పోదామనుకుంటి. వద్దని చెప్పేస్తా, వాళ్ళ పనీ చెడుతుంది," అంది.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. కార్డు అందినట్టు రసీదు రాసి ఇచ్చాను.