పందెం గుర్రానికి తలంటు

ఆదివారం నుంచీ ఫోనెత్తాలంటే భయంగా ఉందబ్బా! నేను హలో అనకముందే అవతల కిసుక్కుమని నవ్వు. కావలిలో మా క్లినిక్ పక్కన జిరాక్స్ షాపాయన కూడా నిన్న నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మైపాడు బీచిలో జరిగింది నాకంటే ముందే కావలి చేరింది. ఎవడో వీడియో తీసినాడంట. వాడి చెయ్యి... పోనీలే, ఎందుకులే. సగం సగం విని నవ్వేదానికన్నా నేనే మొత్తం చెప్తాను, విని తనివితీరా నవ్వండి.

ముందు ఒక మాట. నేను ఫిజియోథెరపిస్టుని. మసాజ్ చేసేదాన్ని కాదు! ఎముకలూ కండరాలూ నరాలూ కళ్ళు పోయేలా చదివి డిగ్రీ తెచ్చుకున్నదాన్ని. ఈ సంగతి ఊళ్ళో వాళ్ళకి కాదు, మా అమ్మకే ఇంకా ఎక్కలేదు. ఎవరడిగినా "మా పద్మ ఒళ్ళు పడతాది" అని గర్వంగా చెప్తాది. ఎన్నిసార్లు మొత్తుకున్నా అంతే.

ఇంక మా తమ్ముడు శీను. మైపాడు బీచిలో జనాన్ని గుర్రం మీద తిప్పుతాడు. ఉన్న పొలం చూసుకోరా అంటే వినలా. ఎర్రటి ఆడగుర్రం ఒకటుండాది, పేరు చిట్టి. వాడు తిన్నాడో లేదో తెలీదు గానీ చిట్టికి మాత్రం వేళకి దాణా పడాల. అట్టాంటి వాడికి బిట్రగుంటలో లావణ్య అనే అమ్మాయి నచ్చింది. ఆ పిల్లకీ వీడు నచ్చినాడు. నచ్చనిది ఒక్క వాళ్ళ నాన్నకే. ఆయన పేరు కోటేశ్వరరావు గారు, రైలింజను డ్రైవరుగా చేసి రిటైరైనాడు. "బీచిలో గుర్రం తిప్పేది కూడా ఒక పనేనా?" అని అడిగినాడంట.

మా వాడు తలొంచుకుని వచ్చేసుంటే బాగుండేది. అట్టా వస్తే వాడు శీను ఎందుకవుతాడు! "ఆదివారం మా బీచి గుర్రాలకి పందెం ఉంది సార్. వచ్చి చూసి, అప్పుడు చెప్పండి" అనేసినాడు. ఆయన కూడా తగ్గలా. "వస్తా. నీ పని నీకొచ్చో రాదో కళ్ళతో చూసి, పిల్లనిచ్చేదీ లేనిదీ అక్కడే చెప్తా" అన్నాడు.

అర్థమైందా? మా వాడి పెళ్ళి పోయి పోయి గుర్రప్పందెం మీద నిలబడింది.

మర్నాడే క్లినిక్‌కి వచ్చి నా ముందు కూర్చున్నాడు. బయట మోకాళ్ళ నొప్పుల వాళ్ళు వరసగా కూర్చోనుండారు, వీడు మాత్రం కదలడు.

"అక్కా, చిట్టి ముందుకాలు పూర్తిగా సాచటం లేదు. భుజం పట్టేసినట్టుండాది. ఒకసారొచ్చి పట్టవా?"

"ఒరే, నేను మనుషులకి చేస్తాన్రా!"

"కండ కండే కదక్కా. నాది పోనీ, లావణ్య మొహమన్నా చూడు."

లావణ్య మొహం ఫోన్లో చూపించినాడు కూడా. ఇంకేం చేసేది? నాతో హాస్టల్లో ఉన్న స్నేహితురాలు ఒకామె పశువుల డాక్టరు, ఆమెని బతిమాలి మైపాడు తీసుకుపోయినాను. ఆమె చిట్టిని నడిపించి, కాళ్ళు మడిచి, గిట్టలు తట్టి చూసింది. "కుంటు లేదు, వాపు లేదు. రోజంతా మెత్తటి ఇసకలో జనాన్ని మోసి భుజం కండ బిగుసుకుంది, అంతే. నొప్పి గనక ఉంటే మసాజ్ కాదు, నాకు ఫోన్ చెయ్యాలి. ఇట్టాంటి బిగువుకైతే మాత్రం బాగా పనిచేస్తుంది. పరిగెత్తే గుర్రాలకి చేస్తారు కూడా. రక్తం బాగా ఆడుద్ది, అడుగు సాగుద్ది, కంగారు తగ్గుద్ది. ఎక్కడ పట్టేసిందో మన చేతికే ముందు తెలిసిపోతుంది" అనింది. అరిచేత్తో మెల్లగా మొదలుపెట్టమంది. చెవులు వెనక్కి వాలిస్తే చెయ్యి తీసెయ్యమంది. పందెం రోజు మాత్రం గట్టిగా నొక్కకుండా పైపైన రుద్ది వదిలెయ్యమంది.

ఇన్ని చెప్పింది మహాతల్లి. నూనె రాయొద్దని మాత్రం చెప్పలా. గుర్రానికి తలంటు పోసే ఇల్లు ఒకటి ఉంటుందని ఆమెకి మాత్రం ఏం తెలుసు!

సాయంత్రాలు క్లినిక్ మూసి మైపాడు బస్సెక్కేదాన్ని. మొదటిరోజు చెయ్యి వెయ్యగానే చిట్టి నా చున్నీ పట్టుకుని నమిలింది. కొత్త చున్నీ! శీను ఏమో "నిన్ను ఇష్టపడిందక్కా" అంటాడు. మెడ మీద నుంచి భుజం దాకా అరిచేత్తో దిగుతూ పోతే ఒకచోట కండ గట్టిగా రాయిలా తగిలింది. అక్కడ చెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి, మెల్లగా ఒత్తినాను. చిట్టి చెవులు కదిపింది. కాసేపటికి తల దించింది. కింది పెదవి వేలాడేసింది. ఆ తర్వాత ఎంత పెద్ద నిట్టూర్పు విడిచిందో! ఇన్నేళ్ళ నా ప్రాక్టీసులో ఒక్క పేషెంటు కూడా నాకంత మర్యాద చెయ్యలా. అందరూ "ఇంకా నొప్పిగానే ఉండాది మేడం" అనే రకాలే.

వారం తిరక్కుండానే చిట్టి నడకే మారిపోయింది. ముందుకాలు సుబ్బరంగా సాచి వేస్తాంది. బీచిలో మిగతా గుర్రాల వాళ్ళు పని మానుకుని నిలబడి చూస్తాండారు. "ఏం పెడతాండావు రా దీనికి?" అని శీనుని అడిగితే, వాడు నా వైపు చూపించి "మా అక్క చెయ్యి" అన్నాడు. అదిగో, అక్కడే నా తల తిరిగింది. అక్కడితో ఆపి ఇంటికొచ్చుంటే ఈపాటికి నాకు సన్మానం జరిగుండేది.

ఆదివారం పొద్దున అమ్మ ఊరి నుంచి నేరుగా బీచిలో చిట్టిని కట్టేసే చోటికే దిగింది. చేతిలో స్టీలు గిన్నె, నిండా నువ్వుల నూనె, గోరువెచ్చగా కాచి మూత పెట్టి తెచ్చింది.

"ఇదేందిమ్మా?"

"ఏందంటావేందే! ఇంత పెద్ద రోజున ఒంటికి నూనె తగలకుండా బిడ్డని బయటికి పంపుతారా? మీ ఇద్దర్నీ ఏ పరీక్షకైనా తలంటు పొయ్యకుండా పంపినానా నేను?"

శీనుకి అప్పటికే తలంటు అయిపోయింది. వాడు తల తుడుచుకుంటా నిలబడుండాడు. మిగిలిన బిడ్డ చిట్టి.

క్లినిక్‌కి కొబ్బరినూనె సీసా పట్టుకొచ్చిన వాళ్ళని "ఇక్కడ అవన్నీ కుదరవు" అని తిప్పి పంపేదాన్ని నేనే. ఆ రోజు నా బుద్ధి ఏ బస్సెక్కి పోయిందో! డాక్టరమ్మ పైపైన రుద్దమంది కదా, నూనె ఉంటే చెయ్యి ఇంకా తేలిగ్గా ఆడుద్ది కదా, తర్వాత ఎట్టాగూ సున్నిపిండితో రుద్ది కడిగేస్తాం కదా అని నాకు నేనే సైన్సు చెప్పుకున్నాను. ఒక పక్క నేను, ఒక పక్క అమ్మ. మెడకీ, భుజాలకీ, వీపుకీ, డొక్కలకీ దండిగా పట్టించినాం. అమ్మ జూలుకి కూడా రాసి, దువ్వి, జడ వెయ్యబోతే నేనే ఆపినాను. అంత తెలివి మాత్రం మిగిలింది నాకు.

సున్నిపిండి కలుపుతా ఉన్నాను. మైకులో కేక. "పోటొస్తాంది! తడి ఇసక మునిగిపోతాది, పందెం ముందుకు జరిపినాం. గుర్రాలు వెంటనే రావాల!"

"అమ్మా, కడగాల!"

"టైమేదే? తువ్వాలుతో తుడువు!"

తుడిచినాం. తుడిచేకొద్దీ చిట్టి ఇంకా తళతళలాడింది. కొత్త ఇత్తడి బిందె లాగుంది. జనం ఎగబడి ఫోటోలు తీసుకుంటాంటే, కోటేశ్వరరావు గారు కూడా కూతుర్ని వెంటపెట్టుకుని వచ్చి చూసి "భలే ఉందే!" అన్నాడు. నేను ఊరుకుంటానా? "అంతా నా చెయ్యేనండీ" అన్నాను. ఆ మాట వీడియోలో కూడా పడింది.

ఇప్పుడు చెప్పాల్సింది ఒకటుంది. మైపాడు పందెంలో జీను వెయ్యరు. అందరి దగ్గరా మంచి జీన్లు లేవు కాబట్టి ఎవరికీ వద్దని పెద్దోళ్ళు ఎప్పుడో పెట్టుకున్న కట్టుబాటు. గోనెసంచి కూడా పరచకూడదు. ఉత్త వీపు మీద ఎక్కాల్సిందే. ఈ కట్టుబాటు నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ తెలుసు! గిన్నెడు నూనె పోసేటప్పుడు ఒక్కసారి గుర్తొస్తే ఏం పోయింది?

దానికి తోడు మా వాడు కాబోయే మామగారి ముందు బాగుండాలని కొత్త ట్రాక్‌ప్యాంటు వేసుకొచ్చినాడు. అది కూడా జారుడు గుడ్డే. ఎగిరి ఈ పక్క నుంచి ఎక్కినాడు, ఆ పక్క దిగినాడు. జనం గొల్లుమన్నారు. రెండోసారి ఎవరో కాలు పట్టి లేపితే ఎక్కి, తొడలు బిగించి కూర్చున్నాడు. నా వైపు ఒక చూపు చూసినాడు చూడండి. నేను బొటనవేలు పైకెత్తి చూపించినాను.

విజిల్ పడింది. చిట్టి లేచిందబ్బా! ఏం లేచింది! మిగతా గుర్రాలు ఇంకా తల విదిలించుకుంటాండాయి, ఇది ఒడ్డున లాగిపెట్టిన పడవలు దాటేసింది. నాకు ఒళ్ళు పులకరించింది. కోటేశ్వరరావు గారి పక్కన నిలబడి కామెంటరీ మొదలుపెట్టినాను.

"చూడండి సార్, అడుగు ఎంత సాగుతుందో! భుజం కండ వదులైతేనే అట్టా వస్తుంది. ఊపిరి కూడా..."

"అది సరేనమ్మా. పిల్లాడేంది, ఒక పక్కకి వాలతాండాడు?"

"అది టెక్నిక్కండీ."

"ఇంకా వాలతాండాడే?"

మా వాడు అప్పటికే చిట్టి డొక్క మీద ఉండాడు. జూలు పట్టుకున్నాడు. జూలుకి అమ్మ రాసిన నూనె ఉండనే ఉంది కదా! చేతిలో నుంచి అదీ పోయింది. పెనం మీద నుంచి దోశ జారినట్టు జారి, నీళ్ళంచున అలలో పడినాడు. లావణ్య కెవ్వుమనింది. అమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. నేను "కళ్ళాలు వదిలెయ్ రా" అని అరిచినాను, వాడు వదిలేసి అప్పటికే చాలాసేపయింది.

చిట్టి ఆగలా. వీపు మీద బరువు దిగేసరికి ఇంకా హుషారొచ్చినట్టుంది. అన్నిటికంటే ముందు ఒంటరిగా పందెం ఆఖర్న పాతిన జెండా దాటేసింది. దాటాక, ఒంటి మీద నూనె చిరాకు పెట్టిందో ఏమో, కూలబడి ఇసకలో ఈ పక్కకీ ఆ పక్కకీ పొర్లాడింది. లేచి నిలబడేసరికి నువ్వులద్దిన అరిసె లాగుంది.

కోటేశ్వరరావు గారు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, నెమ్మదిగా నా వైపు తిరిగినాడు. "ఇంజను వచ్చేసిందమ్మా. డ్రైవరేడీ?"

మనిషి లేకుండా వచ్చిన గుర్రం లెక్కలోకి రాదన్నారు. వెనకొచ్చిన గుర్రానికి కప్పిచ్చినారు. నా కడుపు మండిపోయింది. అంత దూరం గెలిచి, గెలవకుండా పోయింది! దానికంటే ఎక్కువ దిగులు, మా వాడి మొహం ఎట్టా చూడాలా అని. వారమంతా నా చేత్తో నేనే దగ్గరుండి వాడి పెళ్ళి చెడగొట్టినాను కదా.

శీను లేచినాడు. మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారతాంది. అట్టనే కుంటుకుంటా పరిగెత్తినాడు. మా దగ్గరికి కాదు, చిట్టి దగ్గరికి. మోకాళ్ళ మీద కూర్చుని దాని నాలుగు కాళ్ళూ తడిమి, గిట్టలెత్తి చూసి, మెడ పట్టుకుని ఏందో చెప్పినాడు. ఆ తర్వాతే నన్ను చూసినాడు.

"ఏందక్కా ఇది! పందెం గుర్రమనుకున్నావా, అప్పడాల మూకుడనుకున్నావా?"

బకెట్టూ, సున్నిపిండీ, కొట్లో దొరికిన షాంపూ పాకెట్లూ అన్నీ పట్టుకుని కడగడానికి దిగినాను. చీర మోకాళ్ళ పైకి దోపుకుని, అమ్మకి కాబోయే వియ్యంకుడి ముందు గుర్రం తోము! నూనెలో కలిసిన ఇసక వదిలితేనా! రుద్దేకొద్దీ చిట్టి సుఖంగా కళ్ళు మూసి కింది పెదవి వేలాడేసింది. ఒక్క దానికే ఆ రోజు బాగా గడిచింది.

కోటేశ్వరరావు గారు గట్టు మీద నిలబడి అంతా చూసినాడు. శీను తల దించుకునుండాడు. లావణ్య కళ్ళు తుడుచుకుంటాంది. ఆఖరికి ఆయన గొంతు సవరించుకున్నాడు.

"పడినోడు ముందు తన ఒళ్ళు చూసుకోలా, గుర్రం కాళ్ళు చూసుకున్నాడు. పని వచ్చినోడే. పిల్లనిస్తా."

అమ్మ బావురుమనింది. శీను తడిబట్టలతోనే ఆయన కాళ్ళ మీద పడినాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చి, షాంపూ చేతుల్తోనే దణ్ణం పెట్టబోయినాను. ఆయన వేలెత్తి నన్ను చూపించినాడు.

"ఒక్క షరతు. పెళ్ళికొడుకుని చేసే రోజు వీడికి నూనె పెట్టేది మాత్రం ఈ అమ్మాయి కాదు. పీటల మీద కూర్చునేదాకా వీడు మా చేతుల్లో నుంచి జారిపోకూడదు."

వినండి, ఒక్కగానొక్క అక్కని! ఇంటి ఆడబిడ్డని! తమ్ముడి తలకి తొలిచుక్క పెట్టే హక్కు నాది కాక ఇంకెవరిది? నాకు రోషం పొడుచుకొచ్చింది. వత్తాసు పలుకుతాదని అమ్మ వైపు చూసినాను. నూనె కాచి గిన్నెతో తెచ్చిన మా అమ్మ వైపు! ఆమె కొంగుతో కళ్ళొత్తుకుని, అందరికంటే ముందు తలూపింది.

"నిజమేనయ్యా. దానికి ముందు నుంచీ చెయ్యి కుదురుండదు."

గొడవ పెట్టుకునేదాన్నే. కానీ అప్పటికి నా రెండు చేతులూ చిట్టి తోకలో ఉండాయి, ఇసక ఇంకా సగం కూడా వదల్లేదు.