గుర్తులేని ప్రమాదానికి సాక్ష్యం చెప్పాను

పాలు మాడి ఇల్లంతా పొగ కమ్ముకున్న రోజున నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. పొయ్యికి వీపు పెట్టి కుర్చీలో కూర్చున్నాను. కట్టు కట్టిన కాలు స్టూలు మీద చాపుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. పెరట్లో బట్టలు ఆరేస్తున్న మా అత్త పరుగున వచ్చింది.

"ఏమే సుజాతా, పాలు మాడి వీధంతా కంపు కొడతాంటే ఈడే ఎట్ల కూచున్నావే?"

నాకు ఏ కంపూ తెలియలేదు. అత్త ఆ గిన్నె తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. వేడి తగిలింది, అంతే. జలుబు చేసిందేమోలే అనుకున్నాం. నాకు జలుబు లేదు.

మాది పత్తికొండ దగ్గర ఒక చిన్న ఊరు. నేను అంగన్‌వాడీ టీచర్ని. అంతకు కొన్ని వారాల ముందు మీటింగుకని పత్తికొండ వెళ్లి, సాయంత్రం షేర్ ఆటోలో తిరిగి వస్తుంటే ఎదురుగా వచ్చిన లారీ గుద్దింది. ఇది నేను చూసి చెప్తున్న మాట కాదు, జనం చెప్పగా విన్నది. ఆటో ఎక్కడం గుర్తుంది. పక్కన ఎవరో ఆడమనిషి జరిగి చోటిచ్చింది, అదీ గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది కర్నూలు ఆసుపత్రి గోడ, దాని మీద పెచ్చులూడిన సున్నం. మధ్యలోది ఏమీ లేదు.

ఎడమ తొడ ఎముక విరిగింది. ఫీమర్ ఫ్రాక్చర్ అన్నారు, లోపల రాడ్ వేశారు. సి.టి. స్కాన్ చూసిన న్యూరో డాక్టరు, "తలలో ముందువైపు కంట్యూషన్, అంటే కమిలిన గాయం ఉంది, చిన్నదే. ఆపరేషన్ అక్కర్లేదు, అదే కరిగిపోతుంది" అన్నాడు. మా ఆయన మద్దిలేటి డాక్టరుకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

ఆటోలో వెనక కూర్చున్నది మేమిద్దరమే అని, నా పక్కనున్నామె అక్కడికక్కడే చనిపోయిందని ఆసుపత్రిలో నాకెవరూ చెప్పలేదు. ఇంటికొచ్చాక, పలకరించడానికి వచ్చినవాళ్ల మాటల్లో తెలిసింది.

ఆ రోజు నుంచే మొదలైంది. పట్టపగలు, మంచం అంచున ఒక్కదాన్నే కూర్చుని ఉంటే, నా కుడి భుజం మీద ఎవరో తల వాల్చినట్టు బరువు పడేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. చేత్తో తడుముకుంటే చీరే తగిలేది. మద్దిలేటితో చెప్తే, "మందులు గట్టివి, దానికే అట్లుంటాది" అన్నాడు. రివ్యూకి వెళ్లినప్పుడు డాక్టరు కాలు చూసి, ఎక్స్‌రే చూసి, "ఇంకేమన్నా ఉందా?" అని అడిగాడు. బయట చాలామంది కాచుకుని ఉన్నారు. ఏమీ లేదన్నాను. వాసన సంగతి, భుజం సంగతి రెండూ నాతోనే ఇంటికి తిరిగొచ్చాయి.

నడక మొదలుపెట్టేలోపు కుట్ల దగ్గర చీము పట్టింది. "ఇన్ఫెక్షన్ లోపలికి పోయింది, మళ్లీ తెరవాలి" అన్నారు. రెండో ఆపరేషన్. మళ్లీ వాకర్, మళ్లీ ఫిజియోథెరపీ. టమోటా పంట కోయించాల్సిన మద్దిలేటి నా మంచం పక్కన కూర్చుండిపోయాడు.

అప్పుడే ఎవరో చెప్తే మద్దిలేటి నన్ను కర్నూలు కోర్టు వెనక సందులో ఉన్న ఒక లాయరు దగ్గరికి తీసుకుపోయాడు. పేరు రాఘవయ్య. పెద్దాయన, మాట మెల్లగా ఉంటుంది. ప్రమాదంలో దెబ్బ తగిలినవాళ్లు ట్రిబ్యునల్లో క్లెయిమ్ వేయొచ్చని ఆయన చెప్పాడు.

"పక్కనున్న మనిషి ప్రాణమే పోయింటే, నేను కాలికి లెక్క కట్టమని యాడికి పోయి అడిగేది సార్?" అన్నాను.

"ఆయమ్మ ఇంటాయన కూడా అడుగుతాండాడమ్మా. ఆ కేసూ నా దగ్గరే ఉండాది. మీరు దానం అడగడంల్యా. నీ తప్పు లేకుండా నీకు జరిగిందానికి అడుగుతాండావు."

మొదటి వాయిదా రోజున కోర్టు బంట్రోతు కేసు పిలిస్తే ఆమె పేరు మొదటిసారి విన్నాను. హుసేన్‌బీ. వరండాలో బెంచీ మీద నుంచి ఒకాయన లేచాడు. గోళ్ల సందుల్లో నల్లటి నూనె మరక. పొలం మోటార్లు రిపేరు చేసే మహబూబ్ బాషా, ఆమె భర్త.

ఆయనే మాకు టీ తెప్పించాడు. తాగడం అయ్యాక గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"అక్కా, చివర్లో ఆమె ఏమన్నా అన్నెనా?"

"నాకేమీ గుర్తులేదన్నా."

"గుర్తొస్తే చెప్పు."

ప్రతి వాయిదాకూ అదే బెంచీ, అదే టీ, అదే ప్రశ్న. ఎప్పుడూ గట్టిగా అడగలేదు. ఒక్కోసారి అడక్కుండా నా మొహం వైపు చూసేవాడు. బస్సు దిగి కోర్టు గేటు కనపడగానే నా భుజం బరువెక్కేది. నీ పేరు పిలిచిందన్నా అని ఒక్క అబద్ధం చెప్పేస్తే ఆయన ప్రాణం కుదుటపడుతుంది కదా అనిపించేది. నోటి దాకా వచ్చి ఆగిపోయేది. ఆమె అనని మాటను ఆయన బతికినంత కాలం మోసుకుంటాడు.

డిజెబిలిటీ సర్టిఫికెట్ కోసం మెడికల్ బోర్డుకు పోయినప్పుడు వాసన సంగతి చెప్పాను. అక్కడి డాక్టరమ్మ కళ్లు మూసుకోమని కాఫీ పొడి, లవంగం ఒకటి తర్వాత ఒకటి ముక్కు దగ్గర పెట్టింది. నాకు ఏదీ తెలియలేదు.

"దీన్ని అనోస్మియా అంటారమ్మా. తలకు దెబ్బ తగిలినప్పుడు వాసన నరాలు తెగుతాయి. ఇంత కాలం తర్వాత తిరిగి రావడం కష్టం. ఆసుపత్రిలో ఎందుకు చెప్పలేదు?"

రివ్యూ రోజు బయట కాచుకుని ఉన్న జనం గుర్తొచ్చారు.

సాక్ష్యానికి ముందు రోజు రాఘవయ్య గారి ఆఫీసులో కూర్చున్నాం. లారీ వాళ్ల ఇన్సూరెన్స్ కంపెనీ, తప్పంతా ఆటోదే అంటోంది. మద్దిలేటి నా వైపు తిరిగాడు. "లారీ రాంగ్ సైడు వచ్చినాదని, చూసినానని చెప్పు. ఏం పాయ? ఊరంతా తెల్సిందే కదా. మహబూబ్ కేసుకూ అదే ఆధారం."

రాఘవయ్య గారు కళ్లద్దాలు తీశారు. "వద్దప్పా. లారీ సంగతి పోలీసులు గీసిన స్కెచ్ చెప్తాది, పొలంలో ఉండి చూసినాయన చెప్తాడు. ఈయమ్మ ఆటోలో కూర్చోని పోయిన మనిషి. తప్పు ఎవురిదైనా ఈయమ్మది కాదు." నాతో అన్నారు, "తెలిసింది చెప్పమ్మా. తెలీకపోతే తెలీదను. సిగ్గుపడొద్దు."

మరుసటి రోజు బోనెక్కాను. కంపెనీ లాయరు కుర్రాడే, మర్యాదగానే అడిగాడు. లారీని చూశారా? లేదు. ఆటో ఏ పక్కన పోతోంది? గుర్తులేదు. వాసన తెలియదంటున్నారు, డిశ్చార్జి సమ్మరీలో ఆ మాటే లేదు కదా? లేదు. పరిహారం కోసం తర్వాత కల్పించారంటాను. కాదు.

నా కుడి భుజం మీద బరువు వాలింది. ఇంత మంది మధ్యలో ఎప్పుడూ రాలేదు. కటకటాలు గట్టిగా పట్టుకున్నాను. జడ్జిగారు గమనించి కుర్చీ వేయించారు. కూర్చున్నాక ఆయనే అడిగారు, "మీకు చివరిసారి తెలిసిన వాసన ఏదమ్మా?"

నేను ఆలోచించలేదు. నోటి నుంచి వచ్చేసింది. "కొత్తిమీర."

అన్నాకే ఆలోచించాను. ఆ రోజు నేను కొత్తిమీర కొనలేదు. మా ఇంట్లోనూ లేదు. ఆటోలో, నా పక్కన, ఎవరి ఒళ్లోనో ఉన్న సంచిలోంచి వచ్చింది ఆ పచ్చి వాసన.

బయటికి వచ్చేసరికి మహబూబ్ బాషా తలుపు పక్కన గోడకు ఆనుకుని ఉన్నాడు. లోపలి మాటలు విన్నట్టున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పోలీసులు సంచి ఇచ్చినప్పుడు దాంట్లో కొత్తిమీర కట్ట ఉండె అక్కా. వాడిపోయి ఉండె. నేను యాడా చెప్పలేదు. నీకెట్ల తెల్సు?"

"నా పక్కనే ఉండె కదన్నా" అన్నాను.

ఆయన అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత కండువాతో మొహం తుడుచుకుని, "సాల్లే అక్కా. ఇంక అడగను" అన్నాడు. మళ్లీ అడగలేదు.

ఆయనకు అది నెమ్మది ఇచ్చింది. నాకు మాత్రం కొత్త భయం పట్టుకుంది. ఆ వాసన నాలో దాక్కుని ఉందంటే మిగతాది కూడా ఎక్కడో ఉన్నట్టే కదా. ఏ పొద్దు వచ్చి ముందు నిలబడుతుందో.

తీర్పు రెండు కేసుల్లోనూ మా వైపే వచ్చింది. తప్పు లారీదేనని రాశారు. నా కాలికి పరిహారం ఇచ్చారు. వాసన పోవడానికి మాత్రం ఏమీ ఇవ్వలేదు. ఆసుపత్రి కాగితాల్లో ఆ మాట ఎక్కడా లేదు కాబట్టి, అది ఈ ప్రమాదం వల్లే పోయిందని తేలలేదన్నారు. రాఘవయ్య గారు తీర్పు చదివి వినిపించి, "అబద్ధమని రాయలేదమ్మా, తేలలేదనే రాసినారు" అన్నారు. నేను చెప్పింది నిజమని ఎక్కడైనా ఒక మాట రాసి ఉంటే బాగుండేదనిపించింది.

ఇప్పుడు మళ్లీ అంగన్‌వాడీకి వెళ్తున్నాను. కొంచెం కుంటుతాను. పిల్లలకు పెట్టేముందు పాలు విరిగాయో లేదో ఆయాను చూడమంటాను. ఇంట్లో గ్యాసు మద్దిలేటి చూస్తాడు. సైకియాట్రీ డాక్టరు దగ్గరికి కూడా పోతున్నాను. "ఆ బరువు పూర్తిగా పోతుందని చెప్పలేను, తగ్గుతుంది" అన్నారు. తగ్గింది. ఆటో ఎక్కితే మాత్రం వస్తుంది. అందుకే ఎక్కగానే పక్కనున్న మనిషిని పలకరించి, పేరు అడుగుతాను. కొందరు వింతగా చూస్తారు. చూడనీ.

నాలాంటివాళ్లకు చెప్పేది ఒకటే. తలకు దెబ్బ తగిలితే, వాసన గానీ రుచి గానీ నిద్ర గానీ ఏది తేడాగా ఉన్నా, చిన్నదనుకోకుండా డాక్టరుకు చెప్పి ఓపీ చీటీ మీద రాయించుకోండి. ఇంకేమన్నా ఉందా అని డాక్టరు అడిగినప్పుడు వెనకున్న జనాన్ని చూసి లేచిపోకండి. ఉంది సార్ అనండి. వాళ్లు రాసేదాకా ఆ కుర్చీలోంచి లేవకండి.