అప్పా అని పిలవమంది

మేము ఐదుగురం. ఆదివారం సాయంత్రాలు బీచిలో రాళ్ళ మీద కలిసేవాళ్ళం. మగవాళ్ళను ఇష్టపడే మగవాళ్ళమని మాలో మాకు తప్ప ఎవరికీ తెలియదు. ఒకరినొకరు ‘బావా’ అనుకునేవాళ్ళం. మా వైపు ఏ ఇద్దరు మగాళ్ళు కలిసినా ఆ మాటే కాబట్టి ఎవరూ తిరిగి చూసేవారు కాదు. ఆ మాట చాటున దాక్కున్నాం.

నన్ను అక్కడికి తీసుకెళ్ళింది ఆ ఐదుగురిలో ఒకరు. ఇప్పుడైతే ఆమె అనే అంటాను. పోర్టులో నాతోపాటు గుమస్తా. అప్పటికి ప్యాంటూ చొక్కాలోనే ఉండేది, మగవాడనే అనుకున్నాను. పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చి మూడు రోజులు సరిగ్గా అన్నం తినని నన్ను క్యాంటీన్లో పక్కన కూర్చోబెట్టుకుని, “నువ్వొక్కడివే అనుకుంతన్నావేటి బావ? మనోళ్ళున్నారు, రా,” అంది.

ఎనభైల మొదట్లో ఒక ఆదివారం చీర కట్టుకుని వచ్చింది. గంధం రంగు చీర.

“ఏటి బావ ఈ ఏసం? నాటకం గానీ ఉందా?” మాలో ఒకడు నవ్వాడు.

“ఇన్నాళ్ళూ ఏసిందే ఏసం. ఇయ్యాల ఇప్పీసినాను. మీరయినా నన్ను అప్పా అని పిలవండర్రా.”

మా వైపు అప్ప అంటే అక్క.

చేపల గంపలతో పోతున్న ఆడవాళ్ళు ఆగి చూశారు. మావాళ్ళు నా వైపు చూశారు. నేను లేచాను. “నువ్విలాగొస్తే మా అందరి బతుకులూ బజార్న పడతాయి. పేంటేసుకుని వస్తే రా, లేకపోతే మానీ బావా.” ఆ చివరి మాట కావాలనే నొక్కి పలికాను.

ఆమె కొంగు సర్దుకుంది. “మనోళ్ళు అనుకున్నాను,” అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఉద్యోగానికీ రాలేదు. మేము మాత్రం మరుసటి ఆదివారం వేరుశనగలు కొనుక్కుని కూర్చున్నాం. ఇప్పుడు హాయిగా ఉందని కూడా నేనే అన్నాను.

రెండేళ్ళకు, నాకు పెళ్ళయ్యాక, గోపాలపట్నంలో నా భార్య తమ్ముడితో బస్సు కోసం నిలబడి ఉన్నాను. చప్పట్లు కొడుతూ దుకాణాల వెంట వస్తున్న ముగ్గురిలో ఆమె ఉంది. నన్ను చూసి ఆగిపోయింది.

“ఏటి బావ, నీకు తెల్సినోళ్ళేటి?” అని బావమరిది నవ్వాడు.

‘కాదు’ అన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఆమే ముందు అంది: “ఈ బాబెవులో నాకేటి తెల్సు? ఎవుల్లాగో అవుపిస్తే సూసినాను.”

బస్సు కదిలాక కిటికీలోంచి “అప్పా” అన్నాను. ఇంజను చప్పుడులో ఎవరికీ వినబడదని చూసుకునే అన్నాను.